బస్సు దిగిపోయిన గొంతు

ఉదయం 6 గంటలు దాటాక హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని రాయదుర్గం అద్దాల మేడల దగ్గర సిటీ బస్సులోంచి దిగేవారిని ఒకసారి చూడండి. చీర మీద యూనిఫాం చొక్కా తొడుక్కున్న హౌస్‌కీపింగ్ మహిళలు, టోపీ చంకలో పెట్టుకున్న సెక్యూరిటీ గార్డులు, క్యాంటీన్లలో కూరగాయలు తరిగే కుర్రాళ్లు. అదే మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవారు మరో రెండు మూడు గంటలకు వస్తారు. కొందరు మెట్రోలో, ఎక్కువమంది సొంత కార్లలో, యాప్ క్యాబుల్లో, కంపెనీ వాహనాల్లో. వారు వచ్చేసరికి నేల తుడిచి ఉండాలి కాబట్టి బస్సువాళ్లు ముందే రావాలి. భవనం ఒకటే, దారులు రెండు. ఆ రెండు దారులూ ఎక్కడా కలవకపోవడంలోనే మన నగర రవాణా జబ్బు ఉందని మా అభిప్రాయం.

రవాణా మాట ఎత్తితే చాలు, మన దగ్గర చర్చ యంత్రాల మీదికి పోతుంది. డ్రైవర్ లేని కార్లు, పాడ్ ట్యాక్సీలు, ఎగిరే ట్యాక్సీలు! 2017 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున ఆర్థికాభివృద్ధి మండలి అమెరికాకు చెందిన ఒక హైపర్‌లూప్ కంపెనీతో అవగాహన ఒప్పందం చేసుకుంది. హైపర్‌లూప్ అంటే గాలి దాదాపుగా తీసేసిన గొట్టంలో మనుషులను మహావేగంగా పంపే ఏర్పాటు. అమరావతి, విజయవాడల మధ్య గంటకు పైగా పట్టే ప్రయాణం 6 నిమిషాల్లో ముగుస్తుందని అప్పట్లో చెప్పారు. కృష్ణా కరకట్ట మీది ఇరుకు దారిలో ఎదురు బండికి పక్కకు తప్పుకుంటూ పోయిన జనం ఆ వార్తను ఎంత ఆశగా చదువుకుని ఉంటారో! ఆ గొట్టం రాలేదు. ఇదే రంగంలో పేరు మోసిన మరో కంపెనీ హైపర్‌లూప్ వన్ 2023 చివర మూతపడింది. 2013లో ఈ ఆలోచనను లోకం ముందు పెట్టిన ఎలాన్ మస్క్ లాస్ వేగాస్‌లో తవ్వించిన సొరంగం 2021లో తెరుచుకుంది. అందులో చివరికి తిరిగినవి స్టీరింగ్ ముందు డ్రైవర్ కూర్చున్న కార్లే. మన షేర్ ఆటోకు ఏసీ పెట్టి నేల కింద నడిపినట్టు, కాస్త ఖరీదుగా.

కల ఫలించలేదని నవ్వితే సరిపోదు. ఆ గొట్టం నిజంగా వచ్చి ఉంటే అందులో ఎక్కేది ఎవరు, ఎవరి పక్కన కూర్చోనక్కర లేకుండా పోవడానికి ఎక్కుతారు? మస్క్ దీనికి జవాబు దాచుకోలేదు. ప్రజా రవాణాలో ముక్కూమొహం తెలియనివారి మధ్య కూర్చోవాలని, వారిలో వరుస హత్యలు చేసేవాడు ఒకడు ఉన్నా ఉండవచ్చని 2017 డిసెంబరులో ఆయన ఒక సదస్సులో అన్నారు. స్థితిమంతులు తమకు నప్పింది ఊరందరికీ నప్పుతుందనుకోవడమే నగరాలకు చేటు అని రవాణా నిపుణుడు జారెట్ వాకర్ అదే ఏడాది రాశారు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. మస్క్ ఆయన్ను తెలివితక్కువవాడని తిట్టారు కూడా.

ముక్కూమొహం తెలియనివారి పక్కన కూర్చోవడం చిన్న సంగతేమీ కాదు. బస్సులు, రైళ్లు, ట్రాములు రాకముందు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ, ఒక్క మాటా అనుకోకుండా నిమిషాల తరబడి, గంటల తరబడి గడపవలసిన అవసరమే లేదని జర్మన్ సామాజికవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 20వ శతాబ్దం మొదట్లోనే గమనించారు. జిమ్మెల్ మన ఊళ్లు చూడలేదు. చూసి ఉంటే మరో మాట కూడా చేర్చేవారేమో! ఎవరు ఎవరి అరుగు ఎక్కవచ్చో, ఎవరు ఎక్కకూడదో లెక్కలు రాసిపెట్టుకున్న సమాజంలో ఎర్రబస్సు ఒక విడ్డూరం. కిటికీలోంచి కర్చీఫ్ వేసినవాడిదే సీటు. పక్కన ఆనుకుని కూర్చున్న భుజం ఎవరిదని అడిగే వీలు లేదు. అడగాలని మనసులో ఉన్నా కండక్టర్ ముందుకు జరగమంటాడు. ఆ ఇరుకు ఎందరికి ఎంత ఊరట ఇచ్చిందో, సొంత బండిలో ఒంటరిగా పోయేవారికి అర్థం కావడం కష్టం.

అయితే ఈ భావుకత ఒక్కటే చాలదు. బస్సు ఎందుకు పాడవుతోంది అన్నదానికి పనికొచ్చే లెక్క ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ దగ్గర ఉంది. విచిత్రంగా అది వేరుసెనగ బస్తాల కథ. ఉత్తర నైజీరియాలో పండిన వేరుసెనగ దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలోని రేవులకు చేరాలి. రైలు ఉంది, లారీలూ వచ్చాయి. పోటీ వచ్చింది కనుక రైలు బాగుపడాలి కదా? బాగుపడలేదు. ఆలస్యమైతే, సరుకు చెడితే గట్టిగా నిలదీయగలిగిన ఖాతాదారులే ముందుగా లారీలకు మారిపోయారు. నష్టాన్ని ఖజానా పూడుస్తుంది కనుక రైల్వేకు ఆదాయం పోయిన నొప్పీ తెలియలేదు, అరిచేవాళ్ల బాధా తప్పింది. మనిషికి రెండు దారులుంటాయి: ఉండి అడగడం, లేచి వెళ్లిపోవడం. అడగగలిగినవాడు వెళ్లిపోతే మిగిలినవారి గోడు వినే నాథుడుండడని 1970లో ఆయన తేల్చారు.

వేరుసెనగ బస్తాల స్థానంలో హైదరాబాద్ ఐటీ కారిడార్‌ను పెట్టి చూడండి. అధికారికి ఫోన్ చేయగలవారు, సామాజిక మాధ్యమాల్లో ఫొటో పెట్టి మంత్రిని ట్యాగ్ చేయగలవారు, కంపెనీ చేత లేఖ రాయించగలవారు బస్సు దిగిపోయి చాలాకాలమైంది. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. రాత్రి 11 గంటలకు షిఫ్టు ముగించుకున్న అమ్మాయిని బస్సు కోసం నిలబడమని ఎవరూ అనరు. కానీ లక్షల మంది అలా విడివిడిగా తమ దారి తాము చూసుకున్నాక, స్టాపులో నిలబడ్డవారి తరఫున అడిగేవారే లేరు. 2018లో శిల్పారామం దగ్గర ఏసీ బస్‌స్టాప్ కట్టారు. ఎదురుచూసే చోటు చల్లబడింది, ఎదురుచూపు తగ్గలేదు.

గొంతు ఉన్నచోట సంగతి వేరు. 2025 మే 17న మెట్రో గరిష్ఠ చార్జీని 60 నుంచి 75 రూపాయలకు పెంచారు. విమర్శలు వెల్లువెత్తాయి. వారం తిరిగేసరికి రాయితీ అమల్లోకి వచ్చి అది 69కి దిగింది. మెట్రోలోనూ పాతబస్తీ మాట వచ్చేసరికి తీరు మారింది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలోనే రైలు నడిచింది. పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా పోవలసిన మార్గం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గర ఆగింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లకు శంకుస్థాపన రాయి పడడానికే 2024 మార్చి దాకా పట్టింది. మార్గం మీద వివాదాలున్న మాట నిజం. అలాంటి వివాదాలు కొన్నిచోట్ల తొందరగా తీరతాయి, కొన్నిచోట్ల తీరవు.

మహాలక్ష్మి పథకం సంగతీ చెప్పుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి అదే వచ్చింది. బస్సులు కిక్కిరిశాయి. సీటు కోసం తగవుల వీడియోలు చూసి చాలామంది నవ్వుకున్నారు. ఇంతమంది ఆడవాళ్లు ఇంతకాలం చార్జీ లేక ఇంట్లోనో, నడిచిపోగలిగినంత దూరంలోని పనిలోనో ఉండిపోయారా అన్న ప్రశ్న ఆ నవ్వుల్లో వినపడలేదు. పథకాన్ని మేము సమర్థిస్తున్నాం. అందులోని ఒక మెలిక మాత్రం ప్రభుత్వాలు గమనించాలి. బస్సు ఆపకుండా పోయిందని అడిగిన మహిళకు ఇప్పుడు తరచుగా ఎదురవుతున్న జవాబు, ‘ఫ్రీగా ఎక్కుతూ మళ్లీ మాటలా?’ అని. జీరో టికెట్ చేతికిచ్చి నోరు నొక్కేస్తే అది హక్కు ఎలా అవుతుంది? టికెట్ కొనేవారి గతీ బాగా లేదు. 2025 అక్టోబరులో నగర బస్సు చార్జీలను దూరాన్ని బట్టి 5, 10 రూపాయల చొప్పున పెంచారు. ఎలక్ట్రిక్ బస్సుల మౌలిక వసతుల కోసమని చెప్పారు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయే హమాలీ డబ్బుతో గాలి శుభ్రపడాలన్నమాట!

కోటి దాటిన నగరానికి ఉన్న సిటీ బస్సులు మూడు వేలకు అటూ ఇటూ. వెయ్యి మందికి 0.6 బస్సులు ఉంటే మేలైన సేవ అని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఏనాడో కొలబద్ద పెట్టింది. దాని ప్రకారం ఇంకా అన్ని బస్సులు కావాలి. అవి నడవడానికి చోటు కూడా కావాలి. రోడ్డును బండ్ల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. మనం ఫ్లైఓవర్లు కట్టాం. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టినప్పుడు రైలూ రోడ్డూ ఒకే శాఖ కింద ఉండేవి. ఇప్పుడు మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, ఆర్టీసీ ఎవరి దారి వారిదే. సాంకేతికతకు మేము వ్యతిరేకం కాదు. ఒకే కార్డుతో మూడూ ఎక్కగలగడం, వచ్చే బస్సు ఎక్కడుందో సాధారణ ఫోనులోనూ నమ్మకంగా తెలియడం, బస్సు దగ్గరికి రాగానే సిగ్నల్ పచ్చబడడం కూడా సాంకేతికతే. కార్ల పార్కింగ్ చూపించనిదే మేడకు అనుమతి ఇవ్వరు కదా, బస్సు నిలవడానికీ తిరగడానికీ చోటు చూపించమని కూడా అడగాలి. ఉద్యోగులకు క్యాబుల మీద పెట్టే ఖర్చులో కొంత బస్‌పాసుల రూపంలో ఇవ్వాలని కంపెనీలకు చెప్పాలి. అప్పుడు గొంతు ఉన్నవారు కొందరైనా మళ్లీ బస్సెక్కుతారు.

ఉదయం వచ్చిన హౌస్‌కీపింగ్ మహిళల షిఫ్టు మధ్యాహ్నం 3 గంటలకు ముగుస్తుంది. ఎండ ఇంకా దిగదు. వారు మెట్రో స్తంభం నీడలో బారులు తీరి నిలబడతారు. బస్సు రాదు. నీడ తూర్పుకు జరుగుతున్నకొద్దీ వాళ్లూ అడుగు అడుగు జరుగుతూ ఉంటారు.