తోలు సోఫా పరీక్ష: తిరుపతి సిలబస్

తిరుపతిలో సొంతిల్లు కట్టుకున్న ప్రతి మనిషికీ ఏదో ఒక రోజు లెదర్ సోఫా మీదికి మనసు పోతుంది, అది దైవనిర్ణయం, ఆపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ప్రజాహితం కోరి కొన్ని సంగతులు చెప్పక తప్పట్లేదు.

ఏ షోరూముకైనా పోండి, ముందు వినిపించేది "ఇటాలియన్ లెదర్ సార్". చిత్తూరు దాటితే రాణిపేట, ఇంకాస్త పోతే ఆంబూరు, వాణియంబాడి, అన్నీ తోళ్ల ఊర్లే, అయినా మన సోఫా తోలు మాత్రం ఇటలీ నుంచే రావాల! జెన్యూన్ లెదర్ అన్న స్టిక్కర్ చూసి మురిసిపోకండి, తోలుని పొరలుగా చీల్చగా మిగిలిన కింది పొరకి రంగు కొట్టి ఉత్తుత్తి గీతలు అచ్చేసినా అదే స్టిక్కర్. పై పొరని చెక్కకుండా వదిలేస్తే అది ఫుల్ గ్రెయిన్, దాని మీద పురుగు కుట్టిన మచ్చలు, ముళ్లు గీరిన గీతలు ఉంటాయి, ఎక్కడా మచ్చ లేకుండా ఒకటే మెరుపు మెరిసిందంటే అనుమానించాల్సిందే. బాండెడ్ లెదర్ అయితే తోలు పొడిని జిగురేసి అతికించిన సరుకు, కొన్నేళ్లకే పెచ్చులు లేచి మీ ప్యాంటుతో పాటు ఆఫీసుకొస్తుంది. ఇంకోటి, కూర్చునే చోట తోలేసి వెనకా పక్కలా రెగ్జిన్ కొట్టుంటారు, రేటు మాత్రం మొత్తం తోలుదే.

సోఫాని వాల్చి కింద నల్లగుడ్డ కొంచెం విప్పి చూపించమనండి (ఇది అడిగాక మీకు టీ రాదు). లోపల బాగా ఆరిన గట్టి చెక్క, మూలల్లో జిగురు పెట్టి స్క్రూలు బిగించిన దిమ్మెలు ఉండాల, పార్టికల్ బోర్డుకి పిన్నులు కొట్టుంటే గోవిందా అనుకుని బయటికి వచ్చేయండి. ముందు కాలు ఒకటి జానెడు ఎత్తితే రెండోది కూడా లేవాల, లేవలేదంటే ఫ్రేము మెలి తిరుగుతోందని. సీటు ఫోము 40 డెన్సిటీ (అంటే ఘనపు మీటరుకి 40 కిలోల బరువు) అయితే నయం.

ఇదంతా ఏ ఊర్లోనైనా పనికొచ్చేదే. తిరుపతోళ్లకి ఇంకో పేపరు ఎక్స్‌ట్రా. దర్శనం చుట్టాలు కొండ దిగి, గుండు మీద తడి చందనం ఆరకముందే మీ సోఫాకి ఆనుకుని, అక్కడే లడ్డు విరిచి ప్రసాదం పంచుతారు. పూత లేని అనిలిన్ తోలు చూడ్డానికి మహా రాజసం గానీ నెయ్యి చుక్క పడితే పీల్చేసుకుంటుంది, బావమరిది గుండు ఆకారం సోఫా ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కనిపించని మూల ఒక నీటి చుక్క వేసి చూడండి, ఇంకిపోతే అది చుట్టాలు లేని ఊరోళ్లు కొనుక్కోవాల్సిన తోలు, మనకి పూత వేసిన పిగ్మెంటెడ్ రకమే గతి.

ఇంత చదువు మావల్ల కాదంటారా, ఇంట్లో మడి కట్టుకునే అవ్వని షోరూముకి తీసుకుపోండి. అరగంట నుంచి ప్యూర్ లెదర్ అని ఒట్లు వేస్తున్న సేల్స్ అబ్బాయిని అవ్వ "ఏం నాయనా, ఇది ఆవుదా, ఎనుముదా?" అని ఒక్క మాట అడిగితే చాలు.

"అయ్యో అవ్వా, అట్లాంటిదేం లేదు, ఇది ఉట్టి రెగ్జినే!"

బేరం అక్కణ్నించి మొదలుపెట్టండి.