గూగుల్లో గంటలు చూసి అమ్మానాన్నలకి టికెట్లు కొట్టేయకండి

"డాలస్‌కి ఎంతసేపు పడుద్దిరా" అని పెద్దాళ్లు అడిగితే "ఇరవై గంటలే" అని చెప్పేస్తున్నారు పిల్లలు, అక్కడే నాకు ఒళ్లు మండుద్ది. ఆ ఇరవై గాల్లో ఉన్న టైము మాత్రమేనండి. అమలాపురంలో గుమ్మం దిగిన దగ్గర్నుంచి లెక్కెయ్యరేం?

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా ఫ్లైట్ లేదు. సూటిగా కొలిస్తే 14,400 కిలోమీటర్లు, డాలస్ మనకి దాదాపు భూమికి అవతలి పక్క కాబట్టి ఆ సూటి దారి ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోద్ది, గోడ మీద మ్యాప్‌లో స్కేలు పెట్టి గీస్తే ఇది తెలీదు, గ్లోబు మీద దారం లాగి చూడాలి. దుబాయ్ మీదుగా అయితే ముందు 2,550, అక్కణ్ణుంచి 12,900. అంటే చుట్టు తిరిగినందుకు పెరిగింది వెయ్యి కిలోమీటర్లే, విమానానికి గంటా గంటంపావు పని. మరి మిగతా టైమంతా ఎక్కడ పోతోంది? దుబాయ్‌లో కుర్చీల్లో పోతోంది, మన రోడ్ల మీద పోతోంది.

అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. రాత్రి బస్సెక్కితే తెల్లారాక హైదరాబాద్, ఆపైన శంషాబాద్ దాకా క్యాబు. ఆ టైములో హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లి తిరిగొచ్చెయ్యచ్చు! రాజమండ్రి పక్కన మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి ఫ్లైటుందిగా అంటారు, ఉంది, గంటలో హైదరాబాద్‌లో దింపేస్తది, కానీ రావులపాలెం మీదుగా అక్కడికి చేరడానికే రెండు గంటలు, దాని టైముకీ దుబాయ్ ఫ్లైటు టైముకీ చాలాసార్లు పొంతన కుదరదు. ఢిల్లీ మీంచి ఎయిరిండియాలో వెళ్దామంటే 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ తన మీదుగా మన దేశం కంపెనీల విమానాలకి దారి మూసేశాక ఆ ఫ్లైట్లకీ చుట్టుతిరుగుడే అయింది.

ఇంక టికెట్ మీద టైములు. ఏ ఊరిది ఆ ఊరి టైమే వేస్తారు. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. తెల్లారగట్ల నాలుగుకి ఎక్కి అదే రోజు సాయంత్రం నాలుగుకి దిగుతారని ఉంటే పెద్దాళ్లు పన్నెండు గంటలనుకుంటారు, నిజానికి ఇరవై రెండున్నర.

మా పిన్నికి కాస్త చవగ్గా వచ్చిందని మధ్యలో పది గంటలు ఆగే టికెట్ కొన్నారు. షుగరున్న మనిషి. చేతి వాచీలో మన టైము, ఎదురుగా బోర్డు మీద దుబాయ్ టైము, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలీక డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుందంట. ఎవర్నడగాలో, ఏ భాషలో అడగాలో తెలీదు పాపం. డాలస్‌లో దిగేసరికి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు.

పది వేలు ఎక్కువైతే అవనీండి, మధ్యలో మూడు నాలుగు గంటలకి మించి ఆగని టికెట్టే తీయండి. బుక్ చేసేటప్పుడే వీల్ చైర్ అడగండి, దానికి మామూలుగా డబ్బులు తీసుకోరు, గేటు దాకా వాళ్లే తోసుకెళ్తారు. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో డాక్టర్నడిగి, మన టైము ప్రకారం తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి, సూట్‌కేసులో కాదు.