కాకిబంగారానికి మార్కెందుకు పోయింది?

మొన్న ఉగాదికి మన సంఘం పిల్లల క్విజ్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ‘మైకాను తెలుగులో ఏమంటారు?’ అనడిగితే, నెల్లూరు వైపు మైకా గనులున్న సైదాపురంలో అమ్మమ్మ ఉన్న ఓ పాప ‘కాకిబంగారం’ అంది. ‘తప్పు, అభ్రకం’ అన్నారు. పాప ముఖం చిన్నబోయింది. నిర్వాహకులకు చేతిలోని కార్డే ఆధారం, నిజమే. కానీ లోటు ఆ కార్డులోనే ఉంది.

‘మైకా’ లాటిన్ మాట. తునక, రవ్వ అని అర్థం. మెరవడం అనే అర్థమున్న ‘మికారే’ కూడా తోడై మెరిసే ఖనిజానికి పేరుగా నిలిచింది. ‘అభ్రకం’ సంస్కృతం, అభ్రమంటే మేఘం. మనవాళ్లు మాత్రం ‘బంగారం’ ముందు ‘కాకి’ చేర్చారు. కాకిలెక్కల్లో ఉన్న కాకే ఇది. మెరుస్తోంది గానీ బంగారం కాదు సుమా అనే హెచ్చరిక ఈ మాటలోనే ఉంది.

శాస్త్రం పెట్టిన పేర్లూ కంటికి, చేతికి అందినవే. గూడూరు, రాపూరు గనుల్లో దొరికే లేతాకుపచ్చ రకం మస్కొవైట్. ఒకప్పుడు మస్కొవీ, అంటే రష్యాలో, దీని రేకుల్ని కిటికీ అద్దాలుగా వాడేవారు. 1850లో ఖనిజశాస్త్రవేత్త డానా ఆ దేశం పేరునే ఖాయం చేశాడు. కుండీల మట్టిలో కలిపే, మైకాలాంటి మరో ఖనిజం వెర్మిక్యులైట్‌కు 1824లో మసాచుసెట్స్‌లో పేరు పెట్టారు. గట్టిగా కాలిస్తే పొరల మధ్య నీరు ఆవిరై అది పురుగులా మెలికలు తిరుగుతూ సాగుతుంది. మన రైతుల వర్మీకంపోస్టులోని ‘వర్మి’ కూడా ఆ పురుగే! లోహాలు, ఖనిజాలతో మందులు చేసే మన రసశాస్త్రమూ అభ్రకాన్ని నిప్పుల్లో వేసి చూశాకే పేర్లు పెట్టింది: రేకులు విడితే పినాకం, బుసకొడితే నాగం, కప్పలా ఎగిరితే మండూకం, చెక్కుచెదరకపోతే వజ్రం.

అందుకే వచ్చే ఏడు కార్డు పక్కన రాయి కూడా పెట్టండి. బొటనవేలంత మైకా ముక్క, గుండుసూది, చుక్క నీరు చాలు. సూదిని పైనుంచి గుచ్చితే ముక్క చిట్లిపోతుంది. పక్క అంచులో, పొర వాలునే దూర్చి నీటిచుక్క వేస్తే రేకు లేస్తుంది. పొర లోపలి బంధాలు గట్టివి, పొరకూ పొరకూ మధ్య పొటాషియం పట్టు మాత్రం వదులు. అంచులు వేళ్లలో గుచ్చుకుంటాయి కాబట్టి చిన్నపిల్లలకు పెద్దవాళ్లే విడదీసివ్వాలి. ఆ రేకును వంచి వదిలితే మళ్లీ తిన్నగా అవుతుంది, అదీ చూడనివ్వండి.

అప్పుడు పేరడగండి. మైకా, అభ్రకం, కాకిబంగారం, ఏదన్నా మార్కు వేయండి. ఆ పాప మార్కు మాత్రం వచ్చే ఉగాది దాకా ఆపకండి, ఈ నెల సమావేశంలోనే పిలిచి ఇచ్చెయ్యండి.