ఐన్‌స్టీన్ వ్యతిరేకులకు ఒక నైట్ షిఫ్ట్

ఏ వస్తువూ కాంతి వేగాన్ని దాటలేదని చెప్పే ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్షత సిద్ధాంతం 1905లో వచ్చింది. నూట ఇరవై ఏళ్లుగా ఒకే సిద్ధాంతం అధికారంలో ఉండటం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు. దాన్ని దించడానికి ఎందరో మహానుభావులు రాత్రింబవళ్లు శ్రమిస్తున్నారు. ఒకాయన కాంతిని మోసుకెళ్తుందని ఒకప్పుడు అనుకున్న ఈథర్‌ని వెనక్కి తెస్తాడు. ఇంకొకాయన ద్రవ్యరాశికి కొత్త అర్థం చెబుతాడు. మరొకాయనకు సాపేక్షతకు పునాది అయిన లోరెంజ్ సూత్రంలో వర్గమూలం నచ్చదు, తీసేస్తాడు. అందరి గోడూ ఒక్కటే: శాస్త్రవేత్తలు తమను పట్టించుకోవడం లేదని. ఈ అన్యాయాన్ని వెంటనే సరిదిద్దాలి. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థ వాళ్లు నడిపే ఎల్‌హెచ్‌సీని, అంటే ప్రోటాన్లను ఢీకొట్టించే భారీ యంత్రాన్ని, ఒక్క రాత్రి వీళ్ల చేతికి ఇవ్వాలని నా డిమాండ్.

పని పెద్దగా ఏమీ లేదు. 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లు గిరగిరా తిరుగుతుంటాయి. విద్యుత్ క్షేత్రంతో వాటిని తోసే రేడియో ఫ్రీక్వెన్సీ కేవిటీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వాటిని సరైన క్షణంలో ముందుకు తొయ్యాలి. అందుకు సెకనుకి ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో కచ్చితంగా తెలియాలి. 6.8 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలమానం; ఒక టెరా అంటే వెయ్యి గిగాలు) శక్తికి న్యూటన్ లెక్క వేస్తే ప్రోటాన్ కాంతికి 120 రెట్ల వేగంతో, సెకనుకి పదమూడున్నర లక్షల చుట్లు కొట్టాలి. అక్కడి ఇంజనీర్లు మాత్రం తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు ఐన్‌స్టీన్ లెక్క చెప్పే 11,245 చుట్ల దగ్గరే భీష్మించుకు కూర్చున్నారు. పాడు ప్రోటాన్లు కూడా వాళ్లకే వత్తాసు. 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టులతో రింగులోకి వచ్చిన ప్రోటాన్‌కి శక్తిని పదిహేను రెట్లు పెంచినా, వేగం సెకనుకి ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. అంత కరెంటు తిని, ఆఖరికి కాంతి కన్నా సెకనుకి మూడు మీటర్ల లోపు తక్కువ వేగంతో సరిపెట్టుకుంటుంది. ఇది కుట్ర కాక మరేమిటి?

అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఇంకా దారుణం. అక్కడ 2000లో మొదలైన రిక్ అనే యంత్రంలో బంగారు పరమాణు కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించారు. ఆ వేగానికి గుండ్రటి కేంద్రకం ప్రయాణ దిశలో వంద రెట్లు పలచబడి అప్పడంలా మారుతుందన్న సాపేక్షత మాట మీద నమ్మకంతోనే లెక్కలన్నీ మొదలుపెట్టారు: ఒకదాన్నొకటి దాటిపోవడానికి ఎంతసేపు, మధ్యలో మిగిలే క్వార్కుల (ప్రోటాన్ల లోపలి కణాల) ముద్ద ఎంత వేడి, ఇలా. మన మేధావి ఒప్పుకుంటాడా? "రెండూ ఎదురెదురుగా కాంతి వేగంతో వస్తే మొత్తం రెండింతలు కాదా?" అని బల్ల గుద్దుతాడు. ల్యాబ్‌లో నిలబడి చూసేవాడికి వాటి మధ్య దూరం దాదాపు రెండింతల కాంతి వేగంతోనే తగ్గుతుంది, దానికి సాపేక్షత అడ్డు చెప్పదు. ఒక కేంద్రకం మీద కూర్చుని రెండోదాన్ని కొలిస్తే మాత్రం కాంతి వేగం దాటదు. ఏ డిగ్రీ పుస్తకం తిరగేసినా ఈ మాట ఉంటుంది. కానీ కూలదోయబోయే సిద్ధాంతాన్ని చదివి కూర్చోవడం ఏం పద్ధతి?

ఈ వర్గం పరువు తీసినవాడు స్విట్జర్లాండ్ భౌతిక శాస్త్రవేత్త వాల్తర్ రిట్జ్. కాంతి వేగానికి దాన్ని వదిలే వస్తువు వేగం కూడా కలుస్తుందని 1908లో తేల్చి చెప్పాడు. పరీక్షించి తప్పని చూపడానికి వీలుగా చెప్పడమే ఆయన చేసిన నేరం. 1964లో సెర్న్‌లో, కాంతి వేగంలో 99.975 శాతంతో దూసుకుపోతున్న న్యూట్రల్ పయాన్లనే కణాల నుంచి ముందుకు వెలువడిన గామా కిరణాల (అవీ ఒక రకం కాంతే) వేగం కొలిచారు. రిట్జ్ మాట నిజమైతే దాదాపు రెండింతలు రావాలి. మామూలు కాంతి వేగమే వచ్చింది. పాపం, ఆయన 1909లోనే పోయారు. బతికుంటే ఓటమి ఒప్పుకునేవారేమోనని నా అనుమానం, ఆ రకం మనిషి. ఇప్పటివాళ్లు అంత అమాయకులు కారు. సిద్ధాంతం ఎన్ని పేజీలున్నా, కొలిచి చూడటానికి ఒక్క అంకె దొరక్కుండా జాగ్రత్తపడతారు.

2011లో వీళ్లకి కాస్త మంచి రోజులు వచ్చాయి. సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ గ్రాన్ సాసో ల్యాబ్‌కి న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరినట్టు కనబడుతోందని ఒపెరా బృందం ప్రకటించింది. స్వీట్లు పంచి ఏడాది తిరక్కముందే, సమయం లెక్క తప్పించిన, సరిగ్గా బిగించని ఫైబర్ కేబుల్ ఒకటి బయటపడింది. వెతికి పట్టుకున్నది ఒపెరా వాళ్లే! సొంత రిజల్ట్‌ని సొంత చేతులతో చంపుకునేవాళ్లతో మనకి పొత్తు కుదరదు.

ఇక ఆ నైట్ షిఫ్ట్ సంగతి. లెక్క తప్పి ప్రోటాన్లు దారి తప్పితే టెన్షన్ పడనక్కర్లేదు. యంత్రం ఎవరినీ అడక్కుండా ప్రోటాన్ల పుంజం మొత్తాన్ని ఒక్క చుట్టులో, అంటే సెకనులో పదివేలవ వంతు లోపే, గ్రాఫైట్ దిమ్మలోకి మళ్లించేస్తుంది. తెల్లారాక ప్రెస్‌మీట్ పెట్టి, ఆ దిమ్మ కూడా ఐన్‌స్టీన్ మనిషేనని చెప్పుకోవచ్చు.