ట్రక్కు బుష్‌లు ఇంట్లో మార్చండి, కానీ ఫైనల్‌గా బిగించేది బండి బరువు చక్రాల మీద పడ్డాకే

మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు నీళ్ళు బండి కింద ప్రతి బోల్టులోకీ దిగుతాయి, దానికి తోడు మార్చి వచ్చేసరికి గుంతలు. పాత పికప్ అయితే గుంతలో పడ్డప్పుడు టక్ మని సౌండ్ రావడం, హైవే మీద స్టీరింగ్ పక్కకి లాగడం, టైరు లోపలి అంచు అరిగిపోవడం మొదలవుతాయి. చాలాసార్లు కారణం కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే లోహపు చెయ్యి) బుష్‌లే, అంటే ఆ ఆర్మ్ ఫ్రేమ్‌కి బిగించే చోట ఉండే రబ్బరు గొట్టాలే. షాపులో బిల్లు ఎక్కువ అయ్యేది కూలీ దగ్గరే, అందుకే కొత్తవాళ్ళు కూడా ఇది ఇంట్లో చేసుకోవాలనే నేను గట్టిగా చెప్తాను.

అయితే పాత బుష్‌ని ప్రెస్ పెట్టి ఊడబీకే పని మొదటిసారే పెట్టుకోవద్దు. బుష్‌లు, బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) బిగించేసిన కొత్త ఆర్మ్ మొత్తంగా దొరుకుతుంది, పై ఆర్మ్‌తో మొదలుపెట్టండి, డబ్బు కొంచెం ఎక్కువైనా ఒక వీకెండ్‌లో అయిపోతుంది. కాయిల్ స్ప్రింగ్ విప్పాల్సిన పని మాత్రం షాపుకే ఇవ్వండి, దానిలో ఉండే ఫోర్స్‌కి ప్రాణం పోవచ్చు. బండి గట్టి నేల మీద ఉండాలి, వెనక చక్రాలకి అడ్డం పెట్టాలి, ఫ్రేమ్ కింద జాక్ స్టాండ్లు ఉండాలి, ఒట్టి జాక్ మీద నిలబెట్టిన బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

ముందు రోజు రాత్రే తుప్పు బోల్టులకి పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి దిగే నూనె) కొట్టి వదిలేయండి. ఇక్కడ బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది, మీరు రెంచ్ తిప్పుతుంటే బోల్టు రాదు, రబ్బరు మాత్రం మెలితిరిగి మళ్ళీ వెనక్కి తన్నుతుంది. అలా కనిపిస్తే బలప్రయోగం ఆపేసి మళ్ళీ ఆయిల్ కొట్టి కాసేపు ఆగడం మేలు. బాల్ జాయింట్ విడిపోయాక నకిల్‌ని (చక్రం బిగించి ఉండే భాగాన్ని) తాడుతో పైకి కట్టండి, లేకపోతే బరువంతా బ్రేక్ హోస్ మీద పడుతుంది. ఎలైన్‌మెంట్ క్యామ్ బోల్టులు (చక్రాల కోణం సర్దే బోల్టులు) ఉంటే విప్పేముందు మార్కర్‌తో గీత పెట్టుకోండి.

ఇంక అసలు విషయం. ఒరిజినల్ రబ్బరు బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ రెండిటికీ అంటుకుని ఉంటుంది, ఏదీ జారదు, ఆర్మ్ ఊగినప్పుడు రబ్బరే మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా ఫుల్ టైట్ చేసేస్తే బండి కిందికి దించగానే రబ్బరు ముందే మెలిపడిపోయి ఉంటుంది, దాంతో బండి ఎత్తు కూడా కొంచెం మారొచ్చు, రబ్బరు తొందరగా చిరుగుతుంది. వచ్చిన పార్ట్ నాసిరకం అని తిట్టుకునే వాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే అని నా నమ్మకం. అందుకే బుష్ బోల్టులు మొదట చేత్తో మాత్రమే బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, లేదా కింది ఆర్మ్ కింద జాక్ పెట్టి ఫ్రేమ్ స్టాండ్ మీద నుంచి లేవబోయేదాకా ఎత్తాక, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచ్) మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న నంబర్‌కి బిగించండి. పాలీయురేతేన్ బుష్‌లకి ఈ బాధ లేదు, అవి గొట్టం మీద తిరుగుతాయి, కానీ గ్రీజు పెట్టకపోతే కీచుమంటాయి, రోడ్డు దెబ్బలు కూడా ఎక్కువ తెలుస్తాయి, ఆఫీసుకి రోజూ నడిపే బండికి నేనైతే రబ్బరే వేస్తాను.

మన అసోసియేషన్‌లో పిల్లలకి డ్యాన్స్ క్లాసులు, క్రికెట్ టోర్నమెంట్లు ఎంత బాగా నడుపుతున్నామో అదే ఉత్సాహంతో టార్క్ రెంచ్, జాక్ స్టాండ్లు, బాల్ జాయింట్ సెపరేటర్ కొని ఉమ్మడిగా పెట్టుకోవాలి. మే నెలలో ఒక శనివారం ఎవరైనా డ్రైవ్‌వే ఇస్తే నేను వస్తాను, ఒక పక్క నేను చేసి చూపిస్తాను, రెండో పక్క మీరే చేయాలి. ఆ తర్వాత బండి నేరుగా ఎలైన్‌మెంట్‌కి.