ఇద్దరున్న ఇంటికి 1.8 లీటర్ల కుక్కర్ ఎందుకు వద్దంటున్నానంటే

"ఇంట్లో ఇద్దరే ఉన్నా సరే, రైస్ కుక్కర్ కొంటే 1.8 లీటర్లదే కొనండి. చిన్నవి బొమ్మ కుక్కర్లు. పెద్దదాంట్లో తక్కువ వండుకోవచ్చు, చిన్నదాంట్లో ఎక్కువ వండలేం. కరెంటు రెండిటికీ ఒకటే. పొద్దున ఒకేసారి వండి వార్మ్‌లో వదిలేస్తే రాత్రి దాకా వేడన్నం. పైగా చిన్నవాటి నాన్ స్టిక్ పూత విషం. పెద్దది ఉంటే చుట్టాలొచ్చినా టెన్షన్ ఉండదు." ఈ మెసేజ్ ఒక్క మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా మంచి మనసుతోనే పంపారు, అందులో అనుమానం లేదు. కానీ ఇదే లెక్క వేసుకుని మూడేళ్ల కింద తెనాలిలో ఉండే మా అమ్మానాన్నలకి పెద్ద కుక్కర్ కొనిచ్చింది నేనే. ఆ తర్వాత ఆ వంటింట్లో ఏం జరిగిందో కళ్లారా చూశాను, అందుకే ఒక్కొక్క మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు అన్నిటికంటే నమ్మబలికే మాట: పెద్దదాంట్లో తక్కువ వండుకోవచ్చు. వండుకోవచ్చు, కానీ అన్నం బాగా రాదు. ఎందుకు రాదో తెలియాలంటే మామూలు మీట కుక్కర్ ఎలా ఆగుతుందో తెలియాలి. దానికి టైమర్ ఉండదు, అన్నం ఉడికిందో లేదో దానికి తెలియదు. గిన్నె పైకి తీస్తే పళ్లెం మధ్యలో స్ప్రింగు మీద ఊగే చిన్న గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది కదా, దాని లోపల ఒక అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. బియ్యం పీల్చుకున్నవి పీల్చుకుని, మిగతావి ఆవిరైపోయాక వేడి 100 దాటుతుంది, ఇంకాస్త పెరగగానే అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కున పైకి లేస్తుంది. అంటే కుక్కర్ కనిపెట్టేది ఒక్కటే, నీళ్లు అయిపోయాయా లేదా అని.

ఇప్పుడు అంత వెడల్పు గిన్నెలో ఒక్క కప్పు బియ్యం పోయండి. అడుగంతా పరుచుకుంటే వేలి మందం కూడా ఉండదు. కింద 700 వాట్ల హీటర్, పైన అంత ఖాళీ, నీళ్లు బియ్యంలోకి వెళ్లేలోపే ఆవిరై పోతాయి, కుక్కర్ ఏమో పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. పైన పలుకు, అడుగున మాడు. నీళ్లు ఎక్కువ పోయొచ్చు కదా అంటారు. పోయొచ్చు, కానీ ఎంత? "ఒకటికి రెండు" అన్న కొలత అన్ని పరిమాణాలకీ పనికిరాదు, ఎందుకంటే ఆవిరిగా పోయే నీళ్లు బియ్యాన్ని బట్టి కాకుండా గిన్నె వెడల్పుని, మూతని, హీటర్‌ని బట్టి పోతాయి. నాలుగు కప్పులు వండినప్పుడు లెక్కలోకి రాని ఆ నీళ్లే ఒక్క కప్పు వండినప్పుడు ఎసరులో పెద్ద భాగాన్ని మింగేస్తాయి. దానికి తోడు ఈసారి కొత్త బియ్యమైతే చిమిడిపోతుంది, పాత బియ్యమైతే పలుకు మిగులుతుంది. రోజూ ఒక పరీక్షే.

మా అమ్మ ఆ గిన్నె అడుగున చెక్కులా అంటుకున్న అన్నాన్ని చెంచాతో గీకుతుండేది. గీకితే పూత పోతుందమ్మా, నీళ్లు పోసి నానబెట్టు అంటే, "నానబెడితే ఇంకెవరు తింటార్రా, పట్టెడన్నం కాలవలో పోయమంటావా" అనేది. చివరికి ఆవిడ కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, కుక్కర్‌కి సరిపడేలా బియ్యం పోయడం. ఇద్దరికి కప్పున్నర చాలు, ఆవిడ మూడు కప్పులు పోసేది. అన్నం చక్కగా వచ్చేది. మిగిలింది రాత్రికి, రాత్రి మిగిలింది మర్నాడు ఆవిడ కంచంలోకి. నాన్నకి వేడన్నం, తనకి నిన్నటిది. నేను కొనిచ్చిన కుక్కర్ వల్ల మా అమ్మ ఏడాదిపాటు నిన్నటన్నం తింది. ఈ మెసేజ్ చూస్తే నాకు కోపం వచ్చేది ఇందుకే.

అసలు ఆ 1.8 అనే అంకె ఎక్కడిదో ఎవరూ అడగరు. కరెంటు రైస్ కుక్కర్ జపాన్‌లో పుట్టింది, తోషిబా వాళ్లు 1955లో మార్కెట్‌లోకి తెచ్చినదాంతో అక్కడ ఇంటింటికీ చేరింది. జపాన్ వాళ్లు బియ్యం కొలిచే చిన్న కొలత పేరు గో, అది 180 మిల్లీలీటర్లు. మనకి గిద్ద, సోల ఉన్నట్టు. చాలా కుక్కర్లతో వచ్చే కప్పు ఆ కొలతదే. పది గోలైతే ఒక షో, అంటే 1.8 లీటర్లు. పది కప్పుల బియ్యం, దాదాపు కిలోన్నర! అది పెద్ద కుటుంబం కొలత. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. కొన్ని కంపెనీలు వండగలిగే బియ్యాన్ని లీటర్లలో చెబుతాయి, కొన్ని గిన్నెలో మొత్తం ఎంత పడుతుందో చెబుతాయి. ఒకరి 1 లీటర్, ఇంకొకరి 1 లీటర్ ఒకటి కాకపోవచ్చు. కాబట్టి పెట్టె మీద పెద్దక్షరాల అంకె వదిలేసి, ఎన్ని కప్పుల బియ్యం వండొచ్చో, కనీసం ఎంత వండాలో చూడండి. 180 మిల్లీలీటర్ల కప్పు బియ్యం 150 గ్రాములు, ఉడికితే సుమారు మూడింతలవుతుంది. ఒక్కరుంటే, ఇద్దరుంటే పూటకి ఒకటి నుంచి రెండు కప్పులు, అందుకు మూడు కప్పుల దాకా వండే కుక్కర్ హాయిగా సరిపోతుంది. రోజూ వండేది దాని సామర్థ్యంలో సగం దగ్గర ఉంటే అన్నం బాగా వస్తుంది.

కరెంటు రెండిటికీ ఒకటే అన్నది సగం నిజం, ఒప్పుకుంటాను. 350 వాట్ల చిన్న కుక్కర్ 25 నిమిషాలు నడిస్తే యూనిట్‌లో దాదాపు ఏడో వంతు, పెద్దది అంతే అన్నం ఇంకాస్త త్వరగా వండేస్తుంది, వంట వరకు బిల్లులో తేడా కనపడదు. తేడా వచ్చేది వార్మ్‌లో. 40 వాట్లు పది గంటలు నడిస్తే 0.4 యూనిట్, అంటే వండినదానికి రెండింతలకంటే ఎక్కువ, అదీ వండిన అన్నాన్ని ఊరికే పట్టుకుని కూర్చోడానికి.

అదే మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదమైన సలహా. పొద్దున వండి రాత్రి దాకా వార్మ్‌లో పెట్టమనడం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నంతసేపు అణిగి ఉంటాయి, అంతకంటే చల్లారి గోరువెచ్చగా గంటలు గంటలు ఉంటే మొలకెత్తి పెరుగుతాయి. అవి వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. మంచి కుక్కర్ 60 పైన ఉంచుతుంది, నిజమే. కానీ మన ఇళ్లలో వార్మ్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉంటుంది? మా అమ్మ మీట పైకి లేవగానే "కరెంటు దండగ" అని ప్లగ్గు పీకేసేది, మూత మాత్రం తీసేది కాదు. తెనాలి ఎండల్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ అన్నం మూత కింద మగ్గుతూనే ఉండేది, సాయంత్రానికి జిగురు పట్టేది. మేం చద్దన్నం తిని పెరిగినవాళ్లం, ఏం కాదు అంటారు పెద్దవాళ్లు. చద్దన్నం నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టింది, పులుపెక్కడమే అందులో కీలకం. మూసిన గిన్నెలో వెచ్చగా మగ్గిన అన్నం చద్దన్నం కాదు. మిగిలితే వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, గంటా రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. అసలు మిగలకుండా పూటకి సరిపడా వండుకోగలిగితే ఇంత గొడవే లేదు, చిన్న కుక్కర్ ఇచ్చే సౌకర్యం అదే.

చిన్నవాటి పూత విషం అన్నదానికి రెండు మాటలు చాలు. పూత పెద్దవాటికీ ఉంటుంది, పూత లేని అల్యూమినియం, స్టీలు గిన్నెలు చిన్నవాటిలోనూ దొరుకుతాయి. ఆ పూత చెడిపోయి పొగలు వదలాలంటే 260 డిగ్రీలు దాటాలి, 100 కాస్త దాటగానే ఆగిపోయే కుక్కర్‌లో అన్నం వండితే అంత వేడి రాదు. ఉత్త అల్యూమినియం గిన్నెలో మాత్రం చింతపండు పులుసు, టమాటా పప్పు వండకండి, పులుపుకి ఆ లోహం కరుగుతుంది.

కొనేటప్పుడు గిన్నె ఒకసారి చేత్తో ఎత్తి చూడండి, వాడేది డెబ్బై ఏళ్లవాళ్లైతే వాళ్ల చేతే ఎత్తించండి. మూడు పిన్నుల ప్లగ్గు, ఐఎస్ఐ గుర్తు, విడిగా గిన్నె మీ ఊళ్లో దొరుకుతుందో లేదో చూసుకోండి. వాడేటప్పుడు గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. ఒక్క మెతుకు గిన్నెకీ పళ్లేనికీ మధ్య ఎండిపోయి ఉన్నా గిన్నె ఆనదు, అన్నం సగమే ఉడుకుతుంది. కుక్కర్ పాడైందని షాపుకి మోసుకెళ్లే ముందు ఆ మెతుకు కోసం చూడండి.

ఇక చుట్టాలు. ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు? సంక్రాంతికి, దసరాకి, ఎవరిదైనా పెళ్లికి, కలిపితే పది రోజులు. ఆ పది రోజుల కోసం మిగతా 355 రోజులు ఇద్దరు పెద్దవాళ్లు మాడు గీక్కోవాలా? చిన్న కుక్కర్‌లో రెండో విడత వేస్తే ఇంకో అరగంట, లేదా స్టవ్ మీద గిన్నె పెట్టి గంజి వార్చుకుంటే పదిమందికి అన్నం. మొన్న సంక్రాంతికి మేం తొమ్మిదిమందిమి అక్కడున్నాం. అమ్మ పాత ఇత్తడి గిన్నెలో ఎసరు పెట్టింది, ఇప్పుడు వాడుతున్న చిన్న కుక్కర్‌లో నాన్నకి మెత్తగా విడిగా వండింది. మళ్లీ రాత్రికి వేడిగా వండుకుని అందరితోపాటు కూర్చుని తింది.