ఇన్‌బాక్స్ గడప దాటని మెయిల్ ప్రోగ్రాం గారికి

మహారాజశ్రీ మెయిల్ ప్రోగ్రాం గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే, నా సంగతి కింద రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఏదో పాత అటాచ్‌మెంట్ కోసం "తక్షణం" అనే ఫోల్డర్ మీద నొక్కాను. అప్పటిదాకా పలచటి అక్షరాల్లో, ఏ పాపమూ ఎరగనట్టు కూర్చున్న ఆ పేరు నేను నొక్కగానే లావెక్కింది. పక్కన, చదవనివి ఎన్నో చెప్పే 3 అని అంకె. అన్నిటికంటే పైనున్న మెయిల్: "సంతకం చేసి శుక్రవారంలోగా పంపగలరు." వచ్చింది మంగళవారం. నేను చూసింది సోమవారం. తక్షణంలో ఆరు రోజులు! మిగిలిన పూటంతా క్షమాపణలు రాసుకోవడానికే సరిపోయింది.

తలుపు తీసుకుని నేను లోపలికి వెళ్లాక "అయ్యా, మీ కోసం ఎవరో వచ్చి కూర్చున్నారండీ" అనే కాపలాదారుని మీలోనే చూశాను. ఆ ముక్క తలుపు తీయకముందు చెప్పాలండీ. తీశాక నాకే కనిపిస్తారు, కళ్లున్నాయి.

మీ వాదన నాకు తెలుసు. మెయిళ్లు దాచే సర్వర్‌తో మీరు మాట్లాడే భాష అయిన ఐమ్యాప్‌లో ఐడిల్ అనే ఆదేశం 1997 నుంచీ ఉంది. కొత్త మెయిల్ రాగానే సర్వరే కబురు చెబుతుంది, మీరు చెవి ఒగ్గి కూర్చుంటే చాలు. కాకపోతే ఒక్కో కనెక్షన్ మీద, తెరిచి ఉన్న ఒక్క ఫోల్డర్ కబురే వస్తుంది. ఆ చెవిని మీరు ఇన్‌బాక్స్‌కి రాసిచ్చేశారు. సరే, మిగతావాటిని పది నిమిషాలకోసారి వరసగా పలకరించి రావచ్చుగా? స్టేటస్ అని దానికీ ఓ ఆదేశం ఉంది, ఫోల్డర్ తెరవకుండానే చదవనివి ఎన్నో చెప్పేస్తుంది. చాలా ఫోల్డర్లని ఒకేసారి కనిపెట్టి ఉండే నోటిఫై కూడా 2009లో వచ్చింది. అది అన్ని సర్వర్లలోనూ లేదంటారు. అనండి.

అసలు నా ఇన్‌బాక్స్‌లో ఏం మిగులుతుందో తెలుసా? ఏ రూల్‌కీ చిక్కని చెత్త. పనికొచ్చేదాన్నంతా సర్వర్‌లోని సీవ్ రూల్స్ ముందే ఏరి ఫోల్డర్లలో వేసేస్తాయి. సీవ్ అంటే జల్లెడ. పేరుకు తగ్గట్టు చక్కగానే జల్లిస్తుంది. గింజలన్నీ లోపలికి పోయాయి, మీరు కాపలా కాస్తున్నది పొట్టుకి. దానికి టింగుమని గంట కూడానూ.



ఉపాయం లేదని కాదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కొత్త మెయిల్ కోసం దీన్ని కూడా చూడమనే గడిలో టిక్కు. పెట్టాను. ఒక ఆదివారం పూట కూర్చుని 43 ఫోల్డర్లకీ పెట్టాను. పోయిన నెల "తక్షణం" అనే ఫోల్డర్ కొత్తగా తయారుచేసుకున్నాను. అది 44వది. దానికి టిక్కు లేదు. 43 చోట్ల చూడమన్నవాడు 44వది చూడొద్దంటాడా? ఆ మాత్రం ఊహ లేదా నీకు? నేను ఫోల్డర్లు పెట్టుకున్నదే అన్నీ వెతుక్కోకుండా ఉండటానికి. నువ్వేమో పొద్దున లేస్తే నన్నే ఒక్కొక్కటీ నొక్కుకుంటూ రమ్మంటావు. మరి నువ్వెందుకు?

అన్నిటికీ కలిపి ఒకే మీట ఉందని తర్వాత తెలిసింది. దాన్నెక్కడ దాచావయ్యా! అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ అడుగున, జాగ్రత్త అని బెదిరించే పేజీ దాటాక, మెయిల్ చుక్క సర్వర్ చుక్క డిఫాల్ట్ చుక్క అంటూ సాగే పేరుతో. ఫాల్స్ అని ఉంది. రాత్రి ట్రూ చేశాను.

ఇప్పుడు అన్నీ చూస్తున్నావనే అనుకుంటున్నాను. ఇందాక "తక్షణం" మీద నొక్కాను. లావెక్కలేదు. కాసేపాగి మళ్లీ నొక్కాను.

ఇట్లు,
44 ఫోల్డర్ల స్వంతదారు